కొత్త ఛాసిసా, పాత లారీయా?

జగ్గయ్యపేట: సిమెంటు ఫ్యాక్టరీలున్న జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో ఎకరమో, అరెకరమో అమ్మి లారీ కొనదలచిన వారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. కొత్త ఛాసిస్ తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించాలా? నాలుగైదేళ్లు తిరిగిన బండిని బేరమాడాలా?

ఛాసిస్ తీసుకుంటే బాడీ మన ఇష్టం. పది టైర్ల లారీకి బండి, సరుకు కలిపి 28.5 టన్నుల వరకు 2018 నుంచి అనుమతి ఉంది. బాడీ అరటన్ను తేలికైతే పది బస్తాల సిమెంటు అదనంగా ఎక్కించవచ్చు. అలాగని పలచని రేకు, నాసిరకం కర్ర వేయిస్తే నాలుగు లోడ్లకే పక్కలు వదులవుతాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. డ్రైవర్లకు ఇన్నాళ్లకు చల్లగాలి!

బాడీ కట్టినవారు 22-ఎ ఫారం ఇవ్వాలి. అది లేనిదే రిజిస్ట్రేషను లేదు. బండి షెడ్డులో ఉన్నా కిస్తీ మాత్రం ఆగదు. మూడు నెలల కిస్తీలు చేతిలో లేనివారు ఛాసిస్ జోలికి పోకపోవడమే మేలు.

పాత లారీ కొన్న మర్నాడే లోడుకు వెళుతుంది. మేస్త్రీకి ఇంజను చూపిస్తారు గానీ కాగితాలు చూసేవారు తక్కువ. ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. పాత అప్పు తీరినట్లు ఫైనాన్సు వారు సంతకం చేసిన 35వ ఫారం, అమ్మినవారి సంతకంతో 29, 30 ఫారాలు తీసుకోవాలి. కొన్న 30 రోజుల్లోగా రవాణా శాఖ కార్యాలయంలో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి.