విడుదలైన రాబందులు, మన పశువుల మందులు

2024వ సంవత్సరము జనవరి నెలలో హర్యానా రాష్ట్రమునందలి పింజోరు జటాయు సంరక్షణ కేంద్రమునుండి ఇరువది రాబందులు మహారాష్ట్రములోని తాడోబా, పెంచ్ అడవులకు చేరినవి. వానిని కొన్ని నెలలు పెద్ద పంజరములలో నుంచి, ఆ చోటికి అలవాటుపరచి, పిదప విడిచిరి. తాడోబా యున్న చంద్రపురము జిల్లా మన తెలుగునేలకు సరిహద్దు. దాని కీవలనున్న ఆసిఫాబాదు ప్రాంతమున, పాలరాపుగుట్టమీద, 2013లో పొడుగుముక్కు రాబందులు కానవచ్చినవి. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయందును వీని పెంపకము జరుగుచున్నది.

బిట్రగుంట ప్రాంతపు రైతులకు దీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. ఈ పక్షులు వేటగాని తుపాకికి నశింపలేదు; పశువుల మందువలన నశించినవి. కావున పని మనదే.

1992నకును 2007నకును నడుమ మన దేశమున తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి చొప్పున మాత్రమే మిగిలినవి. కారణము 2004లో తేలినది. నొప్పికిని వాపునకును పశువులకు సూదిగా వేయుచుండిన డైక్లోఫినాక్ మందే యది. మందు వేసిన ఒకటి రెండు దినములలో పశువు చచ్చినచో, ఆ కళేబరమును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, లోపలి యవయవములపై తెల్లని సుద్దవంటి పదార్థము పేరుకొని, కొలదినాళ్లకే మరణించును. నూటికి ఒక్క కళేబరముకంటె తక్కువయందు ఈ మందున్నను జాతి క్షీణించుటకు చాలునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఒక్క కళేబరముచుట్టు గుంపంతయు మూగును గదా! పోయినవానిని పూడ్చుకొనుటయు సులభము కాదు. రాబందు ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును. పిల్ల యెదిగి జతగట్టుటకు ఐదేండ్లు పట్టును.

నష్టము పక్షులతో నాగలేదు. ఊరిబయట కళేబరములు మిగిలి, కుక్కలు పెరిగి, నీరు చెడినది. రాబందుల క్షయమువలన 2000 మొదలు 2005 వరకు మన దేశమున ఐదు లక్షలమంది యధికముగా మరణించిరని 2024లో ప్రకటితమైన యొక పరిశోధన తెలుపుచున్నది.

ప్రభుత్వమువారు పశువులకు డైక్లోఫినాక్‌ను 2006లోను, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను 2023లోను నిషేధించిరి. మనుష్యుల డైక్లోఫినాక్ సూదిమందు పెద్ద సీసాలు పశువులకు వాడబడుచుండుటచే, 2015లో ఆ సీసాలనుగూడ మాన్పించిరి. అయినను చాటుమాటుగా వాడువారుండవచ్చును. కేంద్రమువారు పిల్లలను పెంచగలరు గాని, ఆమడలకొలది తిరుగు పక్షికి ఎచ్చట నేమి మేత దొరకునో చూడజాలరు.

కావున రైతుసోదరులకు మా మనవి యిది. ఎద్దు కుంటినను, ఆవుకు పొదుగువాపు కలిగినను, పశువైద్యునికి చూపుడు. సూది వేయుటకు మున్ను మందు పేరడుగుడు. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ మన అంగళ్లలో దొరకును. మనుష్యుల మందును పశువునకు వేయనీయకుడు. మందు వేసిన పశువు చచ్చినచో లోతుగా పాతిపెట్టుడు. కుక్కలను చంపుటకై కళేబరమునకు విషము పూయకుడు. ఈ నాలుగు మాటలను సంఘపు సమావేశములో చదివి, చదువురాని వారికిగూడ వినిపింపగోరుచున్నాము.