గోరువెచ్చని సముద్రంలో దుస్తుల ఎంపిక

ఉష్ణమండల సముద్రంలో పైనీరు 28, 29 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండి చేతికి గోరువెచ్చగా తగులుతుంది గనుక, అందులో మునగడానికి ప్రత్యేక దుస్తులెందుకన్న సందేహం సహజమే. అయితే మనిషి శరీరం 37 డిగ్రీల వద్ద ఉంటుంది, నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగుకుంటుంది; అందువల్ల గాలిలో హాయిగా తోచే 28 డిగ్రీలే నీటిలో ముప్పావు గంట గడిచేసరికి వణుకు పుట్టించగలవు. వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట పట్టిన పరికరం ద్వారా శ్వాసిస్తూ నీటి అడుగున సంచరించడమే స్కూబా డైవింగ్. చలి పట్టిన డైవర్ ఎక్కువ గాలి పీలుస్తాడు, సిలిండరు త్వరగా ఖాళీ అవుతుంది, వేళ్లు మొద్దుబారి పరికరాలను సరిగా పట్టుకోలేవు. కనుక దుస్తుల ఎంపికను అలంకారంగా కాక రక్షణగా భావించడమే న్యాయం.

సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న చందుర్తి వంటి ఊళ్ల నుంచి ఈ సరదా కోసం బయలుదేరే యువతకు తెలుగు నేలపై అందుబాటులో ఉన్న చోటు విశాఖపట్నం సమీపంలోని రుషికొండ తీరం. అక్కడి నీరు ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. వేసవి ఆరంభంలో తీరం వెంట వీచే నైరుతి గాలులు పైనీటిని సముద్రంలోకి నెట్టివేయగా, ఆ ఖాళీని పూరించడానికి అడుగునున్న చల్లని నీరు పైకి ఉబికివస్తుంది. అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండి, ఇక్కడి ఈ పరిణామాన్ని అధ్యయనం చేశాడు. ఒడ్డున ఎండ మండిపోతున్నా నీటి అడుగున చలి తగలవచ్చన్న మాట దీనివల్లే అర్థమవుతుంది. వాతావరణ సూచనను బట్టి కాక, డైవింగ్ నేర్పే వారిని ఆ వారం అడుగునీరు ఎన్ని డిగ్రీలుందో అడిగి దుస్తులు నిర్ణయించుకోవాలి.

ఏ బట్ట మంచిదన్న ప్రశ్నకు సముద్రం లేని సిరిసిల్లలోనే సగం జవాబు దొరుకుతుంది. సాంచాలని పిలిచే అక్కడి మరమగ్గాల మీద నూలు, పాలిస్టర్ రెండూ నడుస్తాయి. మామూలు గాలిలో నూలుపోగు తన బరువులో సుమారు 8 శాతం తేమను ఇముడ్చుకుంటే, పాలిస్టర్ అర శాతమైనా ఇముడ్చుకోదు. ఎండలో ఒంటికి సుఖమిచ్చే ఈ గుణమే డైవింగ్‌లో నూలుకు లోపమవుతుంది. తడిసిన నూలు చొక్కా బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, పడవ మీదికి వచ్చాక గాలికి నెమ్మదిగా ఆరుతూ దేహంలోని వేడిని అంతసేపూ తోడేస్తుంది. అందుకే పాలిస్టర్ లేదా నైలాన్‌కు సాగే గుణం గల లైక్రాను కలిపి అల్లిన, ఒంటిని పట్టి ఉండే పొడుగు చేతుల దుస్తులు వాడుకలోకి వచ్చాయి. వీటిని రాష్‌గార్డ్ అంటారు. ఇవి ఎండనూ ఒరిపిడినీ ఆపుతాయి గాని, వెచ్చదనం దాదాపు ఇవ్వవు.

వెచ్చదనం ఇచ్చేది వెట్‌సూట్. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞులు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును తయారుచేయగా, 1950ల ఆరంభంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్ దాని నురగ రూపంతో ఈ సూటును రూపొందించాడు. సూటులోకి చేరే పలుచని నీటిపొరే ఒంటిని కాపాడుతుందని చాలామంది నమ్ముతారు; నిజానికి వేడిని ఆపేవి రబ్బరులో బంధింపబడిన సన్నని వాయు బుడగలు. నీటిలో 10 మీటర్ల లోతుకు వెళితే పీడనం రెట్టింపవుతుంది గనుక ఆ బుడగలు కుంచించుకుపోతాయి, సూటు పలుచబడి రక్షణ తగ్గుతుంది. ఆ బుడగలే మనిషిని పైకి తేలుస్తాయి కాబట్టి, మందమైన సూటు వేసుకున్న వారు మునగడానికి నడుముకు ఎక్కువ సీసపు బరువులు కట్టుకోవలసి వస్తుంది. ఈ లెక్కలన్నీ చూస్తే వెచ్చని నీటికి 3 మిల్లీమీటర్ల నిండు సూటు చాలామందికి సరిపోతుంది. త్వరగా చలి పట్టే సన్నని వారికి, రోజుకు రెండు మూడుసార్లు మునిగే వారికి 5 మిల్లీమీటర్లది మేలు. మోకాళ్ల పైదాకా ఉండే పొట్టి సూటు చూడముచ్చటగా ఉన్నా, రాళ్లకు అంటుకొని ఉండే పదునైన గవ్వల నుంచి, జెల్లీఫిష్ కాటు నుంచి కాళ్లను కాపాడలేదు.

కాటు భయం కొత్తది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారు బతుకుదెరువుకు వెళ్లే గల్ఫ్ తీరంలో, చమురు రాకముందు ముత్యాల వేటే ప్రధాన జీవనాధారం. ఆ వేటగాళ్లు జెల్లీఫిష్ ఎక్కువగా ఉండే కాలంలో ఒళ్లంతా కప్పే నూలు అంగీ వేసుకొని, ముత్యపు చిప్పలు కోసుకోకుండా వేళ్లకు తోలు తొడుగులు తొడుక్కొని మునిగేవారు. అదే సముద్రం దుబాయి దగ్గర ఆగస్టులో 30 డిగ్రీలు దాటి, ఫిబ్రవరిలో 20కి దగ్గరగా దిగుతుంది. అక్కడ ఉద్యోగం చేస్తూ డైవింగ్ నేర్చుకునే తెలుగువారు ఒకే సూటుతో ఏడాదంతా గడపలేరు.

చీర, చున్నీ, వదులు లుంగీ వంటివి నీటిలో తేలి పరికరాలకు చుట్టుకుంటాయి కనుక పనికిరావు. ఒళ్లు కనబడుతుందన్న సంకోచం గల స్త్రీలకు నిండు సూటే అన్నిటికంటే మర్యాదైన దుస్తు. జడ గట్టిగా అల్లుకోవాలి, మాస్కు అంచు కింద వెంట్రుక చిక్కితే నీరు లోపలికి వస్తుంది, ఒత్తయిన మీసానిదీ అదే ఇబ్బంది. పగడపు జీవులకు హాని చేస్తాయన్న కారణంతో కొన్ని సన్‌స్క్రీన్ రసాయనాల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది. ఒళ్లంతా కప్పే దుస్తులుంటే లేపనం అవసరం చాలావరకు తగ్గుతుంది.

అద్దెకిచ్చే సూటు మందం కంటే ముందు కొలత చూడాలి. మెడ దగ్గర ఊపిరి బిగియకూడదు, నడుము వద్ద సంచిలా నీరు నిలవకూడదు. పడవ మీద ఎండలో దానిని పూర్తిగా బిగించుకొని కూర్చుంటే వడదెబ్బ తగులుతుంది గనుక, దూకే వేళ దాకా నడుము వరకే తొడుక్కోవడం మంచిది. వాడాక మంచినీటితో కడిగి నీడన ఆరవేయాలి. ఎండలో వదిలిన నియోప్రీన్ క్రమంగా బిరుసెక్కి పగులుతుంది.