పుస్తకం తెరవకుండా వెల్ష్ భాష

మీరు ఎన్నో ఏళ్ళుగా ఇంగ్లీషు చదువుతున్నారు. వ్యాకరణం ప్రశ్నలకు జవాబులు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నారు. అయినా రైల్లో ఎదుటి సీటులో కూర్చున్న ప్రయాణికుడు ఇంగ్లీషులో చిన్న ప్రశ్న వేస్తే ఏమవుతుంది? మాటలన్నీ తెలిసినవే. కాని నోట మాట రాదు. మనసులో వాక్యం కట్టుకుని, క్రియ సరిగా ఉందో లేదో చూసుకుని నోరు తెరిచేలోగా ఆయన కిటికీ వైపు తిరిగిపోతాడు.

భాష తెలియడం వేరు, మాట్లాడడం వేరు అన్నమాట. ఈ రెండింటి మధ్య ఉన్నది కొద్ది సెకన్ల దూరమే. మనకు ఇది కాస్త చిన్నతనంగా అనిపించి మరచిపోయే విషయం. కాని వేల్స్ అనే చిన్న దేశంలో ఒక ప్రాచీన భాష బతుకు ఆ కొద్ది సెకన్ల మీద ఆధారపడి ఉంది. వాటిని జయించడానికి అక్కడ ఒక వినికిడి పాఠం ఏ విధంగా తోడ్పడుతున్నదో, దాని వెనుక ఉన్న శాస్త్రం ఏమిటో చూద్దాం.

సగం మంది నుంచి ఆరో వంతుకు

బ్రిటన్ ద్వీపంలో పడమటి వైపున, సముద్రానికి ఆనుకుని ఉన్న కొండల దేశం వేల్స్. అక్కడి భాష వెల్ష్. ఆ భాషలో దాని పేరు 'కమ్రాయ్‌గ్'. ఇది ఇంగ్లీషులోని ఒక యాస కాదు. ఇంగ్లీషు మాట్లాడేవారి పూర్వీకులు ఆ ద్వీపంలో అడుగు పెట్టక ముందే అక్కడ వినిపించిన కెల్టిక్ భాషల సంతతి. 1588 నాటికే ఇందులో బైబిలు పూర్తిగా అచ్చయింది.

1901 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో దాదాపు సగం మంది వెల్ష్ మాట్లాడేవారు. తరవాత ఆ భాష క్రమంగా వెనక్కి తగ్గింది. బొగ్గు గనులకూ, పరిశ్రమలకూ బయటి నుంచి ఎందరో వలస వచ్చారు. చదువూ ఉద్యోగాలూ ఇంగ్లీషులోనే సాగాయి. 19వ శతాబ్దంలో కొన్ని బడులలో, వెల్ష్ మాట్లాడుతూ పట్టుబడిన పిల్లల మెడలో 'వెల్ష్ నాట్' అనే చెక్కముక్క వేలాడదీసేవారు. ఇంటి భాష అవమానానికి గుర్తయిన తరవాత ఎందరు తల్లిదండ్రులు దాన్ని పిల్లలకు అందించగలరు?

1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియోలో చేసిన హెచ్చరికతో భాషోద్యమం ఊపందుకుంది. 1982లో వెల్ష్ టెలివిజన్ ప్రసారాలకు ప్రత్యేక చానెల్ వచ్చింది. 1993లో భాషా చట్టం వచ్చింది. 2011లో వెల్ష్‌కు అధికార భాష హోదా లభించింది. అయినా 2011లో 5,62,000గా ఉన్న వెల్ష్ మాట్లాడేవారి సంఖ్య 2021 లెక్కలలో సుమారు 5,38,000కు తగ్గింది. అంటే మూడేళ్ళు నిండిన జనాభాలో 17.8 శాతం. 2050 నాటికి దీన్ని పది లక్షలకు చేర్చాలని 2017లో అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఇది బడి పిల్లలతో మాత్రమే అయ్యే పని కాదు. పెద్దలు కూడా నేర్చుకోవాలి.

అక్కడే చిక్కు వస్తుంది. వెల్ష్ మాట్లాడే పెద్దలందరికీ ఇంచుమించుగా ఇంగ్లీషు కూడా వచ్చు. కొత్తగా నేర్చుకుంటున్న వ్యక్తి దుకాణంలో వెల్ష్‌లో మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆగి తడుముకున్నాడనుకోండి. ఎదుటివారు ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదని మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోతారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. కాని ఒకసారి ఇద్దరి మధ్య ఇంగ్లీషు అలవాటైతే, మళ్ళీ వెల్ష్‌కు మారడం చాలా కష్టం. ఆ కాసేపు తడబాటే ఒక సంభాషణను ఆ భాష నుంచి తీసేస్తుంది. ఇలాంటి సంభాషణలు వేలకు వేలు పోతే భాషే పోతుంది.

విరామమే పాఠం

పెద్దలకు వెల్ష్ నేర్పే ప్రయత్నాలు కొత్తవి కావు. 1970లలోనే ఇజ్రాయెల్‌లో హీబ్రూ నేర్పే 'ఉల్పాన్' తరగతుల నమూనాలో ఇక్కడ ముమ్మరమైన తరగతులు మొదలయ్యాయి. 2009లో ఆరన్ జోన్స్, మరికొందరు కలిసి 'సే సంథింగ్ ఇన్ వెల్ష్' అనే వినికిడి పాఠాలను ప్రారంభించారు. పుస్తకం లేదు. పలక లేదు. రాసుకోవద్దనే చెబుతారు. ఒక్కో పాఠం సుమారు అరగంట. చెవులకు రికార్డింగు, నోటికి పని. అంతే.

పాఠం ఎలా సాగుతుందో చూడండి. 'డు ఈ ఇషో' అంటే 'నాకు కావాలి'. 'షారద్' అంటే 'మాట్లాడడం'. ఈ రెండూ విన్న వెంటనే రికార్డింగులోని గొంతు ఇంగ్లీషులో అడుగుతుంది: 'నాకు మాట్లాడాలని ఉంది' అని చెప్పండి. తరవాత కొన్ని సెకన్లు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మీరు గట్టిగా పలకాలి: 'డు ఈ ఇషో షారద్'. అప్పుడు ఒక స్త్రీ గొంతు, ఒక పురుష గొంతు సరైన వాక్యాన్ని పలుకుతాయి. మీరు చెప్పింది సరిపోయిందో లేదో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు 'కమ్రాయ్‌గ్' చేరుతుంది: 'డు ఈ ఇషో షారద్ కమ్రాయ్‌గ్'. నాకు వెల్ష్ మాట్లాడాలని ఉంది. తరవాత 'ఎవో తీ', అంటే 'నీతో'. ఆపైన 'రువాన్', అంటే 'ఇప్పుడు'. కాసేపటికి మీ నోట పూర్తి వాక్యం పలుకుతుంది: 'డు ఈ ఇషో షారద్ కమ్రాయ్‌గ్ ఎవో తీ రువాన్'. నాకు నీతో ఇప్పుడు వెల్ష్ మాట్లాడాలని ఉంది! ఇది ఉత్తర వేల్స్ పలుకుబడి. దక్షిణాన 'ఇప్పుడు' అనడానికి 'నౌర్' అంటారు. అందుకే ఈ పాఠాలు రెండు ప్రాంతాలకూ వేరువేరుగా ఉన్నాయి.

చిత్రమైన నియమాలు రెండున్నాయి. నిశ్శబ్దం చాలలేదని రికార్డింగు ఆపకూడదు. తప్పులు వస్తున్నాయని ఒకే పాఠం పదేపదే పట్టుకుని కూర్చోకూడదు. తప్పుతోనే ముందుకు సాగాలి. బడి పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు. మరి దీనివల్ల భాష ఎలా వస్తుంది?

జ్ఞాపకం చేసే పని

మొదటి కారణం, గుర్తు తెచ్చుకోవడమే గొప్ప అభ్యాసం కావడం. 2008లో కార్పికే, రోడిగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. కళాశాల విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలను ఇంగ్లీషు అర్థాలతో ఇచ్చారు. కొందరు మాట వచ్చిన తరవాత కూడా దాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకుంటూ పరీక్ష రాశారు. మరికొందరు వచ్చేసిన మాటను పరీక్ష నుంచి తీసేసి, చదవడం మాత్రం కొనసాగించారు. వారం తరవాత మొదటివారికి సుమారు 80 శాతం మాటలు గుర్తున్నాయి. రెండోవారికి మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఇంకా విశేషం ఏమిటంటే, తమకు ఎన్ని గుర్తుంటాయని ముందుగా అడిగితే, అన్ని జట్లూ దాదాపు ఒకేలా, సగం వరకు అని చెప్పాయి. ఏది మనకు మేలు చేస్తున్నదో చదివేటప్పుడు మనకే తెలియదన్నమాట! వెల్ష్ పాఠంలోని ప్రతి నిశ్శబ్దమూ అలాంటి ఒక చిన్న పరీక్షే.

రెండో కారణం ఎడం. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలను కంఠస్థం చేస్తూ, తన మరుపును తానే కొలిచాడు. మరుపు మొదట చాలా వేగంగా, తరవాత నెమ్మదిగా సాగుతుందని తేలింది. కాబట్టి కొత్త మాటను మొదట వెంటవెంటనే, తరవాత ఎడం పెంచుతూ గుర్తు తెచ్చుకోవాలి. 1967లో పాల్ పిమ్స్‌లర్ దీనికి ఒక లెక్క సూచించాడు: 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు, గంట, 5 గంటలు, ఒక రోజు... ప్రతి ఎడమూ ముందుదానికి సుమారు అయిదు రెట్లు. కావాలంటే హెచ్చవేసి చూడండి. టేపు రికార్డరు కాలంలో పుట్టిన ఈ ఆలోచనే తరవాతి వినికిడి పాఠాలెన్నింటికో దారి చూపింది. మరచిపోబోయే ముందు పిలిస్తే మాట గట్టిపడుతుంది. మరీ తొందరగా పిలిస్తే లాభం తక్కువ.

మూడో కారణాన్ని వేల్స్‌లోనే జరిగిన ఒక పరిశోధన చక్కగా చూపిస్తుంది. మనం విన్న మాటలను కాసేపు లోలోపల పలుకుతూ నిలుపుకొంటాం. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంత మాత్రమే అలా నిలుస్తుంది. వెల్ష్‌లో అంకెల పేర్లు పలకడానికి ఇంగ్లీషుకన్న కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. అందువల్ల రెండు భాషలూ వచ్చిన వాళ్ళే వెల్ష్‌లో విన్నప్పుడు తక్కువ అంకెలు గుర్తుంచుకున్నారని 1980లో ఎల్లిస్, హెన్నెలీ చూపించారు. వెల్ష్ పిల్లలు అంకెల పరీక్షలో వెనుకబడితే అది తెలివి తక్కువై కాదు, మాటల నిడివి వల్ల అని దీంతో తెలిసింది! పాఠంలో వాక్యాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వడానికి కారణం కూడా ఇదే. 'డు ఈ ఇషో' అనేది మూడు మాటలు కాక ఒకే ముక్కగా నోటికి అలవాటైతే, ఆ రెండు సెకన్లలో మరో ముక్కకు చోటు దొరుకుతుంది.

వ్యాకరణం సంగతేమిటి?

వెల్ష్‌లో మాట మొదటి అక్షరమే మారిపోతుంది. 'కాథ్' అంటే పిల్లి. 'ఇ గాథ్' అంటే అతని పిల్లి. 'ఇ ఖాథ్' అంటే ఆమె పిల్లి. నా పిల్లి అయితే 'వ ఙాథ్'. మన అక్షరమాలలో ఉన్నా మాట మొదట వాడని 'ఙ'కు దగ్గరి ధ్వని వాళ్ళకు మాట మొదటే వస్తుంది! ఈ మార్పుల పట్టికలు చూసి భయపడి ఎందరో చదువు మానేస్తారు.

మీరు భయపడనక్కర్లేదు. అన్న, తమ్ముడు కలిస్తే 'అన్నదమ్ములు' అంటారు కదా. తల్లి, తండ్రి కలిస్తే 'తల్లిదండ్రులు'. కూర, కాయ కలిస్తే 'కూరగాయలు'. త ద అయింది, క గ అయింది. దీన్ని గసడదవాదేశం అంటారని మీరు హైస్కూల్లో నేర్చుకున్నారు. కాని 'అన్నదమ్ములు' అనడం మాత్రం మూడేళ్ళ వయసులోనే వచ్చింది. ముందు చెవికి అలవాటయింది, తరవాత సూత్రం తెలిసింది. వినికిడి పాఠం వెల్ష్ మార్పులనూ ఈ వరసలోనే నేర్పుతుంది. 'ఇ గాథ్' అని పదిసార్లు పలికినవారికి 'ఇ కాథ్' చెవికి కటువుగా తోస్తుంది.

హద్దులూ ఉన్నాయి

అయితే ఇది మంత్రం కాదు. పాఠం విన్నంత మాత్రాన చదవడం, రాయడం రావు. పాఠంలోని గొంతులు నిదానంగా, స్పష్టంగా పలుకుతాయి. సంతలో మనుషులు అలా మాట్లాడరు. పైగా రికార్డింగు అడిగేదానికి ఒకే జవాబు ఉంటుంది. మనిషి ఏం అడుగుతాడో ఎవరికి తెలుసు? అందుకే ఈ పాఠాల నిర్వాహకులు నేర్చుకున్నవారిని ఒకచోట చేర్చి, వారం రోజులు ఇంగ్లీషు మాట లేకుండా వెల్ష్‌లోనే గడిపే శిబిరాలు కూడా నడిపారు. పాఠం చేయగలిగింది ఒకటే. నోరు తెరవడానికి పట్టే సమయాన్ని తగ్గించడం. దుకాణదారు ఇంగ్లీషులోకి మారకముందే తరవాతి వాక్యం నోటికి రావాలి. ఆ తరవాత నేర్పేది ఎదుటి మనిషే.

కాబట్టి ఆ మనిషికీ ఇందులో పాత్ర ఉంది. నేర్చుకునేవాడు తడుముకుంటే నాలుగు సెకన్లు ఓపిక పట్టడం కూడా భాషకు చేసే సేవే. బెంగుళూరులోనో, ముంబయిలోనో, అమెరికాలోనో పెరుగుతున్న మీ పెదనాన్నగారి పిల్లలు తెలుగు అర్థమైనా ఇంగ్లీషులోనే జవాబు చెబుతుంటారా? ఈసారి వాళ్ళు సెలవులకు వచ్చినప్పుడు నవ్వకండి, మాట అందించకండి, ఇంగ్లీషులోకి మారకండి. కాస్త ఆగి చూడండి.

మీరే చేసి చూడండి

మీకు రాని ఏదైనా భాషలో, తమిళం కానివ్వండి, మరాఠీ కానివ్వండి, 20 మాటలు అర్థాలతో చీటీల మీద రాయండి. చీటీలు కలిపి, చూడకుండా పదేసి చొప్పున రెండు జట్లు చేయండి. మొదటి జట్టును నాలుగుసార్లు చదవండి. రెండో జట్టును ఒక్కసారే చదివి, మూడుసార్లు అర్థం చూసి మాటను గుర్తు తెచ్చుకుని గట్టిగా పలకండి. ప్రతిసారీ ఆ తరవాతే సరైన మాట చూసుకోండి. రెండింటికీ సమానంగా సమయం ఇవ్వండి. ఎన్ని గుర్తుంటాయో మీ అంచనా ఒక కాగితం మీద రాసి దాచండి. వారం వరకు చీటీలు ముట్టుకోవద్దు. తరవాత రెండు జట్లనూ పరీక్షించి, ఫలితాన్ని మీ అంచనాతో పోల్చి చూడండి.