పాత ఫోటోల్లో పేరు తెలియని ముఖాలు

కుటుంబంలో మిగిలిన పాత ఫోటోలోని వ్యక్తి ఎవరో తేల్చాలంటే ముఖపోలికల కంటే ముందు ఆ ఫోటో తీసిన కాలాన్ని నిర్ధారించుకోవాలి. కాలం తెలిస్తే అప్పటికే గతించినవారూ ఇంకా పుట్టనివారూ లెక్కలోంచి తొలగిపోతారు. ఇందుకు మొదటి ఆధారం ఫోటోను అతికించిన దళసరి అట్ట. 1854లో ఫ్రాన్సులో ఛాయాచిత్రకారుడు డిస్డేరి పేటెంటు పొందిన, సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు గల చిన్న ఫోటోలను కార్ట్ ద విజిట్ అనీ, ఆ తర్వాత 1860ల్లో వచ్చిన పెద్ద అట్టలను కేబినెట్ కార్డులనీ అంటారు. అట్టపై స్టూడియో ముద్ర ఉంటే కాలవ్యవధిని మరింత కుదించవచ్చు: నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ బొంబాయి స్టూడియోను 1896లో తెరిచారు కనుక, ఆ చిరునామా ఉన్న అట్ట అంతకు ముందుది కాజాలదు.

తెలుగు ఇళ్లలో షష్టిపూర్తి ఫోటో అమూల్యమైనది. 60 ఏళ్లు నిండిన సందర్భంలో జరిగే ఆ వేడుకలో దండలతో కూర్చున్న పెద్దాయన పుట్టిన సంవత్సరం జాతకంలోనో దస్తావేజులోనో దొరికితే, ఫోటో తీసిన ఏడాదీ, దానినిబట్టి ఒళ్లోని పసివాళ్లు సుమారుగా పుట్టిన ఏళ్లూ తేలుతాయి. అయితే తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల వెనక రాసిన పేరొక్కటే చాలదు. పెద్దలను అడిగేటప్పుడు “ఈయన ఫలానా తాతయ్యేనా?” అని పేరు అందించడం పెద్ద పొరపాటు, ఎందుకంటే జ్ఞాపకం విన్న పేరువైపే మొగ్గుతుంది. ఒక్కొక్కరినీ విడిగా అడిగి, ఎవరు చెప్పారో కూడా వెనక అంచున మెత్తని పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు ముఖాలమీద గీతలై తేలుతుంది.