ముప్పదియారు చిత్రముల పాఠము

డిజిటల్ కెమెరాతో ఛాయాచిత్రకళ నేర్చిన మేము ఇటీవల ఫిలిం కెమెరాను చేపట్టితిమి. 35 మిల్లీమీటర్ల ఫిలిం చుట్టలో సాధారణముగా 36 చిత్రములే పట్టును. వెలుగు సోకిన వెండి లవణములలో ఏర్పడు బింబము, రసాయనములలో కడిగినగాని కంటికి కానరాదు. వీడ్కోలు దినమున తీసిన గురువుగారి చిత్రము మసకగా వచ్చినదని మాకు కడిగిన పిదపనే తెలిసినది. అప్పటికే ఆ క్షణము దాటిపోయెను.

1947లో ఎడ్విన్ లాండ్ ప్రదర్శించిన ఇన్‌స్టంట్ విధానములో ఆ రసాయనములు ఫిలిం పొరల నడుమనే పరచుకొని, కొద్దిసేపటిలో బొమ్మను తేల్చును. 2008లో పోలరాయిడ్ సంస్థ ఆ ఫిలిం తయారీని విరమించినను, నెదర్లాండ్స్‌లోని దాని కర్మాగారమును పూర్వోద్యోగులు, అభిమానులు నిలబెట్టి 2010లో మరల ఫిలిమును అందించిరి.

పాత పరికరమే మేలని మా వాదము కాదు. మీట నొక్కుటకు ముందే చూడవలెనని అది మాకు నేర్పినది. నేడు డిజిటల్ కెమెరాతోనైనను ముందు చూచి, పిదపనే తీయుచున్నాము.