పిప్పి మండే కాలం, బొగ్గు మండే కాలం

మారిషస్‌లో పెద్ద చక్కెర ఫ్యాక్టరీని ఆనుకునే కరెంటు కేంద్రం ఉంటుంది. గానుగాడే రోజుల్లో, అంటే దాదాపు జూన్, జులై నుంచి డిసెంబరు దాకా, దాని బాయిలర్లో చెరకు పిప్పి మండుతుంది. కోతలు అయిపోయి పిప్పి అడుగంటాక అదే బాయిలర్లోకి ఓడల్లో దిగిన బొగ్గు వెళ్తుంది. పొయ్యి ఒకటే, టర్బైను ఒకటే, మారేది ఇంధనం. ఆ దేశం బొగ్గును ఎందుకు వదిలించుకోలేకపోతోందో అర్థం కావాలంటే ఈ మార్పు దగ్గరే మొదలుపెట్టాలి.

పిప్పి మండితే మాత్రం పొగ రాదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వస్తుంది. అయితే ఆ పొగలోని కార్బన్‌ను చెరకు పెరిగేటప్పుడు గాలిలోంచే తీసుకుంది. కోసిన మోడు నుంచి మళ్ళీ కార్శి లేచి, వచ్చే ఏడు కోతకొచ్చేసరికి దాదాపు అంతా తిరిగి పీల్చుకుంటుంది. బొగ్గు సంగతి అలా కాదు. కోట్ల ఏళ్ళుగా భూమిలో పూడి ఉన్న కార్బన్‌ను తెచ్చి గాలిలో కలిపితే, దాన్ని వెనక్కి తీసుకునే పంట లేదు.

ఒక టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల పిప్పి మిగులుతుంది. అందులో సగం నీరే. పాతకాలపు ఫ్యాక్టరీలకు ఆ పిప్పి వదిలించుకోవాల్సిన చెత్త కిందే లెక్క, అందుకే తక్కువ ఒత్తిడి బాయిలర్లలో ఎలాగోలా తగలబెట్టేసేవి. 1957లో సెయింట్ ఆంత్వాన్ ఫ్యాక్టరీ తనకు పోను మిగిలిన కాస్త కరెంటును బయటికి అమ్మింది. ఆ తర్వాతి కథంతా ఆవిరి ఒత్తిడిదే. ఒత్తిడీ వేడీ ఎంత పెరిగితే అదే పిప్పి నుంచి అంత ఎక్కువ కరెంటు వస్తుంది. 2000లో బెల్ వ్యూ దగ్గర మొదలైన కేంద్రం 82 బార్ల ఒత్తిడితో పనిచేస్తుంది. కారు టైరులోని గాలి కంటే ఇది 30 రెట్లకు పైనే.

ఆ దీవి చెరకు పొలాలతో మనవాళ్ళ బంధం పాతది. 1834 నుంచి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి పాయ మీది కోరంగి రేవు పేరుతో వారిని అక్కడ కోరింగీలని పిలిచారు. ఉగాది అక్కడ సెలవు రోజు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దీవిలోనే. కూలీలుగా వెళ్ళినవారి సంతానంలో ఎందరో తర్వాత చిన్న చిన్న చెరకు కమతాలు కొనుక్కున్నారు. ఈ కమతాల దగ్గరికి మళ్ళీ వస్తాను.

ప్రపంచం మొత్తం వదిలే ఉద్గారాల్లో మారిషస్ వాటా సుమారు పదివేలలో ఒక వంతు. అయినా ఆ దేశం 2021లో 2030 నాటికి బొగ్గు మానేస్తామనీ, కరెంటులో 60 శాతం పునరుత్పాదక వనరుల నుంచే తెస్తామనీ ప్రకటించింది. పగడపు దిబ్బలూ తీరమూ దెబ్బతింటున్న దీవికి ఆ తొందర సహజం. జేబు కారణమూ ఉంది. బొగ్గూ, చమురూ మొత్తం దిగుమతే. 2022లో ప్రపంచ ఇంధన ధరలు ఎగబాకితే 2023లో అక్కడ కరెంటు చార్జీలు పెరిగాయి. లక్ష్యం అంత పెద్దదైనా, పునరుత్పాదక కరెంటు వాటా మాత్రం ఐదో వంతు చుట్టుపక్కలే తిరుగుతోంది.

ఎండ పుష్కలంగా ఉందిగా, సౌర ఫలకాలు పరిచేస్తే పోదా? ఇక్కడ గ్రిడ్ సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. ఆ దేశపు గరిష్ఠ డిమాండు 500 మెగావాట్లు, ఆ పైన కొంచెం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఏడో యూనిట్ ఒక్కటే 500 మెగావాట్లు. అది హఠాత్తుగా ఆగితే మన ఇంట్లో దీపం ఆరనక్కర్లేదు. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో కలిశాక ఎక్కడో ఒడిశాలోనో, గుజరాత్‌లోనో తిరిగే యంత్రాలు కూడా ఆ బరువులో పాలుపంచుకుంటాయి. మారిషస్‌కు ఇరుగుపొరుగు గ్రిడ్ లేదు, చుట్టూ సముద్రమే. అక్కడ 35 మెగావాట్ల యంత్రం ఒకటి ఆగితే దేశం మొత్తం కరెంటులో సుమారు 7 శాతం ఒక్క క్షణంలో పోయినట్టు. 2014లో బాంబూ గ్రామం దగ్గర 15 మెగావాట్ల సౌర కేంద్రం వచ్చింది. దాని మీదుగా మబ్బు పోయినప్పుడల్లా ఆ లోటును అప్పటికప్పుడు ఎవరో పూడ్చాలి. అందుకే హెన్రియెట్టా, అమౌరీ సబ్‌స్టేషన్లలో బ్యాటరీలు పెట్టారు. అవి రాత్రంతా దీపాలు వెలిగించడానికి కాదు, మరో యంత్రం అందుకునేదాకా ఆ కొద్దిసేపు గ్రిడ్‌ను నిలబెట్టడానికి.

గాలికి తుపానుల భయం. మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవిలో గ్రెనాడ్ దగ్గరి గాలిమరల స్తంభాలు మడత స్తంభాలు. తుపాను వస్తోందనగానే వాటిని నేలకు వాల్చేస్తారు, గడిచాక మళ్ళీ లేపుతారు. చిన్న దీవుల వాళ్ళు తమ వాతావరణాన్ని చూసుకుని ఎంచుకున్న ఉపాయాల్లో నాకు చాలా నచ్చింది ఇదే.

అసలు చిక్కు కాలంతో ఉంది. మారిషస్‌లో వేసవి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఏసీలు బాగా తిరిగేదీ, డిమాండు శిఖరానికి చేరేదీ అప్పుడే. ఆ నెలల్లో ఎక్కువ భాగం గానుగలు ఆగి ఉంటాయి, పిప్పి ఉండదు. వేసవి ఎండ పగటి లోటును చాలావరకు తీర్చగలదు. జనవరిలో రాత్రి ఏడున్నరకు ఇంటింటా ఫ్యానూ, ఏసీ కలిసి నడిచే వేళకు మాత్రం ఈ రోజు బొగ్గూ చమురే దిక్కు. దానికోసమే పొలంలో మిగిలే చెరకు చెత్తను కట్టలు కట్టి నిలవ చేయడం, కలప ముక్కలు తేవడం లాంటి మాటలు నడుస్తున్నాయి. చెత్తంతా తీసేస్తే నేల తేమ పోతుంది, కలుపు లేస్తుంది. కాబట్టి దానికీ ఒక హద్దుంది.

అన్నిటికంటే నాకు బెంగగా అనిపించేది వేరే. ఆ దేశానికి అనుకున్న వేళకు అందే పునరుత్పాదక ఇంధనాల్లో పిప్పి ముఖ్యమైనది, ఆ పిప్పే తగ్గిపోతోంది. యూరప్ దశాబ్దాలపాటు హామీ ఇచ్చిన చక్కెర ధరను 2006 నుంచి 2009 లోపు 36 శాతం కోసేసింది. ఒకప్పుడు 6 లక్షల టన్నుల చక్కెర తీసిన దీవి ఇప్పుడు 2.5 లక్షల టన్నులు కూడా దాటడం లేదు. ఇరవైకి పైగా ఉన్న ఫ్యాక్టరీలు మూడయ్యాయి. తన చెరకు పిప్పితో ఊళ్ళు వెలుగుతున్నా, చిన్న రైతుకు అందులో చాలాకాలం నామమాత్రపు వాటాయే దక్కింది. 2021లో ప్రభుత్వం ఆ చెల్లింపు పెంచింది. పదేళ్ళ ముందే పెంచి ఉంటే ఎన్ని కమతాలు బీడు పడకుండా నిలిచేవో.

కార్శిని కొన్నేళ్ళు కోసుకున్నాక దిగుబడి తగ్గుతుంది. అప్పుడు దున్ని కొత్త మొక్కతోట వేయాలి. కూలీ ఖర్చు, విత్తనపు చెరకు ఖర్చు, ఏడాదికి పైగా ఎదురుచూపు. పిల్లలు పోర్ట్ లూయిస్‌లో ఆఫీసు ఉద్యోగాల్లో స్థిరపడితే, రెండు మూడెకరాల ముసలి రైతు ఆ దుక్కి దున్నించాలా వద్దా అని ఆలోచిస్తాడు.