విప్పి బాగుచేసికొనదగిన లాప్‌టాప్

పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. సున్నపురాతిని కాల్చగా లేచెడి తెల్లని పొడి ఇక్కడ ఇండ్ల కప్పులమీద, వేపాకులమీద, బడి బల్లలమీద పేరుకొనుచుండును. అది లాప్‌టాప్‌లోనికి కూడ పోవునని, మూడేండ్ల క్రిందట మే నెలలో పాఠము మధ్య నా యంత్రము తనంతట తానే ఆగిపోయిననాడు తెలిసినది.

అడుగు మూత విప్పి చూడగా, పంకాప్రక్కనున్న లోహపు రేకుల సందులు గచ్చువలె గట్టిపడి మూసికొని యున్నవి. కారణము మన రసాయన పాఠములోనే కలదు. పొడిసున్నము గాలిలోని తేమను పీల్చి తడిసున్నమగును. అది బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల సున్నపురాయి యగును. బట్టీలో జరిగిన మార్పు పంకాలో వెనుకకు నడచినదన్నమాట! వేడి బయటికి పోవు దారి లేనప్పుడు ప్రాసెసరు మొదట మందగించును. ఇంకను వేడెక్కినచో తన రక్షణకై యంత్రమునే ఆపివేయును. అసలే మన ఎండలు!

శుభ్రపరచునపుడు తడిగుడ్డ పనికిరాదు. తడిసున్నము క్షారము; అల్యూమినియమును తినివేయును. విద్యుత్తును, బ్యాటరీని తొలగించి, పంకా తిరుగకుండ వ్రేలితో పట్టి, పొడి కుంచెతో దులుపవలెను. నా యంత్రమునకు అడుగున ఎనిమిది మరలే యున్నందున ఈ పని అరగంటలో ముగిసినది.

నా విద్యార్థిని యొకతెకు ఆ అదృష్టము లేకపోయెను. తండ్రి మిరపపంట సొమ్ముతో పలుచని, అందమైన యంత్రమును కొనియిచ్చెను. రెండేండ్లకు దాని 4 జీబీ మెమరీ చాలలేదు. మెమరీ మదర్‌బోర్డునకే అతికియున్నది. పెంచుటకు చోటు లేదు. బోర్డంతయు మార్చుటకు అడిగిన ధర క్రొత్త యంత్రపు ధరకు దగ్గరగా నుండెను.

కనుక కొనుటకు ముందే మెమరీ, ఎస్‌ఎస్‌డీ తీసి మార్చదగినవా, బ్యాటరీ మరలతో నున్నదా జిగురుతో నున్నదా అని అడుగవలెను. అంగడివాని మాట కన్న మంచి సాక్ష్యము కలదు. డెల్, హెచ్‌పీ, లెనోవో సంస్థలు అనేక యంత్రములకు విప్పు విధానమును బొమ్మలతో తెలుపు పుస్తకములను ఇంటర్నెట్టులో ఉచితముగా నుంచినవి. యంత్రము పేరుతో ఆ పుస్తకమును వెదకి, మెమరీ మార్చు పుట యున్నదేమో చూడుడు. ఫ్రాన్సులో 2021 జనవరి నుండి లాప్‌టాప్ ధరప్రక్కనే, అది ఎంత సులువుగా బాగుపడునో 10కి అంకె వేసి చూపవలెనని చట్టము వచ్చినది. ఆ అంకె కనబడనిచోట ఈ పుస్తకమే మనకు ఆధారము.

నన్నడిగినచో, కార్యాలయములలో వాడి తీసివేసిన దృఢమైన యంత్రమును కొని, 8 లేక 16 జీబీ మెమరీని, ఎస్‌ఎస్‌డీని వేయించుకొనుట మేలందును. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో సాధారణముగా ముగిసినది. విండోస్ 11ను అంగీకరింపని పాత యంత్రములో లినక్సు నుంచుకొనవచ్చును. వ్రాతకు, లెక్కలకు, పాఠములు చూచుటకు అది చాలును.

మిగిలినది బ్యాటరీ. లిథియం బ్యాటరీకి వేడియు, ఎల్లప్పుడు నిండుగా నుండుటయు రెండును చేటు. సెట్టింగులలో వీలున్నచో 80 శాతము వద్ద ఆపుడు. పరుపుమీద నుంచి వాడకుడు. మూత ఉబ్బినట్లు కన్పించినచో వెంటనే వాడుక మాని, పొడువక, నొక్కక, మార్పించవలెను.